టెక్సస్ దుప్పికీ కొలరాడో ఎల్క్‌కూ ఒకే రేంజ్‌ఫైండర్: ఏమి చూసి కొనాలి?

డల్లాస్_పాలమూరు | టెక్సస్

అందరికీ నమస్కారం. డల్లాస్ చుట్టుపక్కల ఉండే మా మిత్రబృందం కొంతకాలంగా మధ్య టెక్సస్ కొండల ప్రాంతమైన హిల్ కంట్రీలోని ఒక రాంచ్‌కు చుక్కల దుప్పి వేటకు వెళ్తోంది. అక్కడ మంచె మీద కూర్చుంటాం, ఫీడర్ (జంతువులకు మేత పెట్టే తొట్టి) దాకా ఎన్ని గజాలో రాంచ్ యజమాని ముందే చెబుతారు, కనుక దూరం కొలవవలసిన అవసరం నాకు ఇంతవరకూ పెద్దగా కలగలేదు. వచ్చే అక్టోబరులో మాత్రం కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జింక వేటకు, రైఫిల్ సీజన్‌లో వెళ్తున్నాం. ఎదుటి వాలు మీద నిలబడ్డ జంతువు 250 గజాల్లో ఉందో 400 గజాల్లో ఉందో కంటితో తేల్చుకోవడం మైదానంలో వేటాడే వారికి సాధ్యం కాదని అక్కడికి వెళ్లివచ్చిన వారందరూ ఒకే మాటగా చెబుతున్నారు.

నా రైఫిల్ 6.5 క్రీడ్‌మూర్ రకం, 143 గ్రెయిన్ల బరువున్న తూటాతో 200 గజాలకు జీరో చేసి ఉంది, అంటే ఆ దూరాన తూటా గురిపెట్టిన చోటే తగులుతుంది. గోల్ఫ్ కోసం కొన్న రేంజ్‌ఫైండర్ (లేజర్‌తో దూరం కొలిచే చేతి పరికరం) ఒకటి ఇంట్లో ఉంది, అందులో వాలును లెక్కకట్టే స్లోప్ సదుపాయం కూడా ఉంది. దానితో సరిపెట్టుకోవచ్చా, లేక వేట కోసమే తయారైనది కొనాలా? కొనవలసి వస్తే 300 నుంచి 500 డాలర్ల దాకా పెట్టగలను. పెట్టెల మీద 1000, 1800, 4000 అని వేసే అంకెల్లో నాకు నిజంగా ఉపయోగపడేది ఎంత అన్నది కూడా తెలిసినవారు వివరించగలరు.

కొండగాలి | కొలరాడో

పాలమూరు మిత్రమా, ముందుగా ఆ గోల్ఫ్ పరికరాన్ని పక్కన పెట్టండి. అది నాసిరకం అని కాదు. దానిలోని స్లోప్ లెక్క మన పనికి తప్పుడు జవాబు ఇస్తుంది.

గోల్ఫ్‌లో జెండా ఎత్తున ఉంటే బంతిని మరింత బలంగా కొట్టాలి, కాబట్టి పరికరం అసలు దూరానికి కొన్ని గజాలు కలిపి చూపిస్తుంది. జెండా పల్లంలో ఉంటే కొన్ని గజాలు తీసివేస్తుంది. తూటాకు ఈ నియమం వర్తించదు. మీరు ఎగువకు గురిపెట్టినా దిగువకు గురిపెట్టినా తూటా ఎంత కిందికి దిగుతుందన్నది మీకూ జంతువుకూ మధ్య ఉన్న సమతల దూరాన్ని బట్టి ఉంటుంది, ఆ సమతల దూరం ఎప్పుడూ వాలు దూరం కంటే తక్కువే. 30 డిగ్రీల వాలులో 400 గజాల దూరాన ఎల్క్ నిలబడి ఉందనుకోండి: సమతల దూరం 346 గజాలు మాత్రమే. మీరు చెప్పిన తూటా 200 గజాల జీరోతో 350 గజాల వద్ద దాదాపు 14, 15 అంగుళాలు, 400 వద్ద దాదాపు 22, 23 అంగుళాలు దిగుతుంది. అంటే వాలును పట్టించుకోకపోతే తూటా 8 అంగుళాలు పైకి పోతుంది. ఎగువకు కొట్టేటప్పుడు గోల్ఫ్ పరికరం ఆ 400కు మరిన్ని గజాలు కలిపి చెబుతుంది కనుక తప్పు ఇంకా పెరుగుతుంది. వెన్నెముక మీదుగా పోయే తూటాకూ ఊపిరితిత్తుల్లో దిగే తూటాకూ తేడా అక్కడే ఉంది.

స్లోప్‌ను ఆపివేసి అసలు దూరం మాత్రమే చూసుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అప్పుడు కూడా ఒక చిక్కు ఉంది: జెండా కర్ర వెనుక ఉన్న చెట్లను వదిలేసి ముందున్న కర్రను పట్టుకునేలా గోల్ఫ్ పరికరాలను తయారు చేస్తారు. అడవిలో మీకు కావలసింది చాలాసార్లు దీనికి సరిగ్గా వ్యతిరేకం. ముందున్న కొమ్మను వదిలేసి వెనుక ఉన్న జంతువును పట్టుకోవాలి.

వేట కోసం చేసిన వాటిలో వాలు సవరణకు ఒక్కో సంస్థ ఒక్కో పేరు పెట్టుకుంది. లూపోల్డ్ దాన్ని టీబీఆర్ అంటుంది, బుష్‌నెల్ ఏఆర్‌సీ అంటుంది, వోర్టెక్స్ హెచ్‌సీడీ అంటుంది. కొండల్లో వేటాడే వారికి ఇది విలాసం కాదు, తప్పనిసరి.

కాంతిరేఖ | కాలిఫోర్నియా

నేను లేజర్ పరికరాల రంగంలో పని చేస్తాను, కనుక పెట్టె మీది అంకెల సంగతి నేను చెబుతాను.

వేట రేంజ్‌ఫైండర్లలో ఎక్కువ భాగం 905 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల, కంటికి కనిపించని లేజర్ స్పందనలను పంపి, అవి తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తాయి. 300 గజాల దూరానికి వెళ్లి రావడానికి కాంతికి 2 మైక్రోసెకన్ల కంటే తక్కువే పడుతుంది. ఒక గజం తేడాను పసిగట్టాలంటే దాదాపు 6 నానోసెకన్ల తేడాను గుర్తించగలగాలి. ఈ పనిని మధ్యస్థ ధరలో దొరికే పరికరాలు కూడా చక్కగా చేస్తాయి. కనుక ఒక గజం అటూ ఇటూ అనే కచ్చితత్వం గురించి దిగులు పడనవసరం లేదు. అసలు సమస్య తిరిగి వచ్చే కాంతి ఎంత అన్నది.

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె రోడ్డు పక్కన ఉండే సూచిక పలకల వంటి, కాంతిని నేరుగా వెనక్కి పంపే వస్తువుకు సంబంధించినది. జంతువు చర్మం కాంతిని కొంత పీల్చుకుంటుంది, మిగిలినదాన్ని అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది. వానలో తడిసిన ముదురు రంగు బొచ్చయితే ఇంకా తక్కువ కాంతి తిరిగి వస్తుంది. అందువల్ల పరికరం వివరాల పట్టికలో జింకకు విడిగా ఇచ్చిన అంకెను చూడండి. వోర్టెక్స్ రేంజర్ 1800 అన్నదానికి ఆ సంస్థే జింక మీద 900 గజాలని చెబుతుంది. రేజర్ హెచ్‌డీ 4000 అన్నదానికి 2200 గజాలని చెబుతుంది. ఆ అంకె కూడా పరికరం కదలకుండా ఉండి, గాలి తేటగా ఉన్నప్పటిదే. మిట్టమధ్యాహ్నపు ఎండలో పరిసరాల వెలుగు పరికరంలోని గ్రాహకానికి అడ్డు తగులుతుంది కనుక పరిధి తగ్గుతుంది, మబ్బు పట్టినప్పుడూ సాయంత్రమూ పెరుగుతుంది. మీరు తూటా పేల్చదలచుకున్న గరిష్ఠ దూరానికి కనీసం రెట్టింపు దూరాన్ని జింక మీద చదవగలదని చెప్పే పరికరాన్ని ఎంచుకోండి. అప్పుడు చేయి వణికినా, మంచు చినుకులు పడుతున్నా 400 గజాల వద్ద మొదటి నొక్కుకే జవాబు వస్తుంది.

ఇక చాలామంది చూడని వివరం ఒకటుంది: కిరణం ఎంత వెడల్పుగా విచ్చుకుంటుందన్నది. దీన్ని మిల్లీరేడియన్లలో చెబుతారు. 1 మిల్లీరేడియన్ కిరణం 1000 గజాల వద్ద 1 గజం వెడల్పు, 300 గజాల వద్ద సుమారు 11 అంగుళాల వెడల్పు అవుతుంది. లేజర్ డయోడ్‌లో వెలుగు పుట్టే చోటు సన్నని గీతలా ఉంటుంది కనుక కిరణం కూడా గుండ్రంగా కాక పొడుగుపాటి దీర్ఘచతురస్రంలా పడుతుంది. ఒక దిక్కున 2 మిల్లీరేడియన్లు, రెండో దిక్కున అర మిల్లీరేడియన్ ఉన్న కిరణం 400 గజాల వద్ద దాదాపు 29 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు గల మచ్చ అవుతుంది. ఆ మచ్చలో సగం ఎల్క్ మీద, సగం ముందున్న బండరాయి మీద పడితే మీకు కనిపించే అంకె ఏ వస్తువుదో మీరే తేల్చుకోవాలి. విచ్చుకోవడం తక్కువగా ఉన్న పరికరానికి ధర ఎక్కువ. ఆ ధరకు న్యాయం ఉంది.

లానో_నది | టెక్సస్

కాంతిరేఖ గారు చెప్పిన ఆ మచ్చ సంగతి మా ప్రాంతంలో 150 గజాలకే ఎదురవుతుంది.

తెలియని వారి కోసం ఒక మాట. చుక్కల దుప్పి టెక్సస్‌కు 1932లో వచ్చింది. ఇప్పుడు ఎడ్వర్డ్స్ పీఠభూమి అంతటా స్వేచ్ఛగా తిరుగుతోంది. తెలంగాణ రాష్ట్ర జంతువైన ఈ దుప్పీ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకా రెండూ ఇక్కడ బయటి జాతుల కిందకు వస్తాయి, వాటికి మూసివేత కాలం లేదు. వేట లైసెన్సు, భూయజమాని అనుమతి ఉంటే సంవత్సరమంతా వేటాడవచ్చు. నదుల వెంబడి ఇవి స్థానిక వైట్‌టెయిల్ జింకల మేతను తినేస్తాయి కనుక రాంచ్‌ల వారు వీటి సంఖ్య తగ్గించమని కోరుతుంటారు.

మంచె, ఫీడరు లేకుండా నడిచి వేటాడినప్పుడు దుప్పి కనిపించేది సీడార్ పొదల సందుల్లోంచి, లైవ్ ఓక్ కొమ్మల కింది నుంచి. మీరు మీట నొక్కితే ముందు కొమ్మ 62 అని పలుకుతుంది, దుప్పి 140 గజాల్లో ఉంటుంది. ఇందుకే మంచి వేట పరికరాల్లో మొదటి వస్తువు, చివరి వస్తువు అని రెండు విధాలు ఉంటాయి. చివరి వస్తువు విధంలో పెడితే పరికరం తనకు తిరిగి వచ్చిన జవాబులన్నిటిలో అతి దూరమైనదాన్ని చూపిస్తుంది. కానీ దుప్పి వెనుక తెరిపి ఉండి, ఆ వెనుక సున్నపురాయి గట్టు ఉంటే అది గట్టు దూరాన్నే చెప్పేస్తుంది. ఆ జాగ్రత్త మనదే. నేను మీటను నొక్కిపట్టి, స్కాన్ విధంలో దుప్పి కాళ్ల దగ్గరి నేల నుంచి భుజం మీదికి, భుజం నుంచి వెనుక గట్టు మీదికి మెల్లగా జరుపుతాను. అంకెలు 62, 138, 140, 141, 205 అని మారుతూ పోతాయి. మధ్యలో ఒకేచోట గుంపుగా నిలిచిన అంకెలే దుప్పివి. సెకనుకు అనేకసార్లు కొత్త అంకె చూపే పరికరం ఈ పనికి బాగా అనుకూలం. సిగ్ సావర్ కిలో శ్రేణి సెకనుకు నాలుగుసార్లు చూపిస్తుంది, ఆ వేగం చేతికి వెంటనే తెలుస్తుంది.

నల్లమల_నడక | తెలంగాణ

ఈ చర్చలోకి వేరే వైపు నుంచి వస్తున్నందుకు మన్నించగలరు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం, అది అలాగే ఉండాలని కోరుకునేవాడిని నేను. అయితే లేజర్ రేంజ్‌ఫైండర్ మా పనిముట్టు కూడా. పులుల గణనలో భాగంగా పులికి ఆహారమయ్యే దుప్పి, కణితి, అడవిపంది వంటి జంతువుల సాంద్రతను అంచనా వేయడానికి అడవిలో తిన్నని గీత వెంబడి తెల్లవారుజామున నడుస్తాం. జంతువుల గుంపు కనిపించగానే సంఖ్య రాసుకుని, రేంజ్‌ఫైండర్‌తో దూరం, దిక్సూచితో కోణం చూస్తాం. గుంపు 60 మీటర్ల దూరాన, మా గీతకు 30 డిగ్రీల కోణంలో ఉంటే గీత నుంచి దాని లంబదూరం 30 మీటర్లు అవుతుంది. లెక్క అంతా ఆ లంబదూరాల మీదే నిలబడుతుంది, కనుక అడ్డొచ్చిన కొమ్మ దూరాన్ని దుప్పి దూరంగా రాసుకుంటే అంచనాయే తలకిందులవుతుంది.

అందువల్ల లానో_నది గారు చెప్పిన చిక్కు మాకూ నిత్యం ఉన్నదే. అమ్రాబాద్ వైపు బోదగడ్డి నిలువెత్తున ఉన్నప్పుడు దుప్పి వీపు మీద నేరుగా పెడితే పరికరం గడ్డినే కొలుస్తుంది. మేం చేసేది ఏమిటంటే, దుప్పి పక్కనే నిలిచి ఉన్న నల్లమద్ది మొద్దునో టేకు మొద్దునో గుర్తుపెట్టుకుని దాన్ని కొలుస్తాం. మొద్దు కదలదు, వెడల్పుగా ఉంటుంది, దాని గరుకు బెరడు మీద నుంచి జవాబు నిలకడగా వస్తుంది. దుప్పి చెంగున పారిపోయినా అది నిలబడిన చోటు మిగిలే ఉంటుంది కనుక తొందరపడవలసిన పని లేదు.

ఇంకొక సూచన: పరికరం మీటర్లలో ఉందో గజాల్లో ఉందో ప్రతి ఉదయం చూసుకోండి. చాలా వాటిలో మీటను కాసేపు నొక్కిపట్టితే ప్రమాణం మారిపోతుంది, జేబులో ఒత్తిడి పడితే చాలు. 400 మీటర్లంటే 437 గజాలు. మాకు అది లెక్కల్లో తప్పు, మీకు గాయపడిన జంతువు.

విల్లంబు | మిషిగన్

నల్లమల_నడక గారికి కృతజ్ఞతలు. పక్కనున్న మొద్దును కొలవడం విల్లుతో వేటాడే మాకు ప్రాణం వంటి పద్ధతి. నేను మంచె ఎక్కగానే చుట్టూ ఉన్న నాలుగైదు చెట్లను కొలిచి పెట్టుకుంటాను. జింక వచ్చాక చేయి కదిలించే అవకాశం ఉండదు.

పాలమూరు గారిది రైఫిల్ కనుక బాణం సంగతి క్లుప్తంగా చెబుతాను. సెకనుకు 270 అడుగుల వేగంతో పోయే బాణానికి 30 గజాల గురి పెట్టి, జింక నిజానికి 35 గజాల్లో ఉంటే బాణం దాదాపు 4 అంగుళాలు కిందికి, 40 గజాల్లో ఉంటే 9, 10 అంగుళాలు కిందికి తగులుతుంది. వైట్‌టెయిల్ ప్రాణస్థానం అంతా కలిపి 8 నుంచి 10 అంగుళాలే. దూరం అంచనా వేయడంలో 5 గజాల తప్పు అనేది విల్లుకు చిన్న తప్పు కాదు. అయినా వాలు సవరణ గురించి నాకు కొండగాలి గారితో కొంత భేదం ఉంది. చదునైన నేల మీద 20 అడుగుల ఎత్తున మంచె కట్టుకుని, 20 గజాల అవతల ఉన్న జింకను కొలిస్తే వాలు దూరం 21 గజాలు. ఒక్క గజం కోసం అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు. కొండలకు వెళ్లేవారికి మాత్రం ఆయన మాట అక్షరాలా నిజం.

నేను అందరికంటే గట్టిగా చెప్పదలచింది తెర గురించి. చవక పరికరాల్లో అంకెలు నల్లని ఎల్‌సీడీలో కనిపిస్తాయి. పగటిపూట అవి ఎంతో స్పష్టంగా ఉంటాయి. చాలా రాష్ట్రాల్లో చట్టం అనుమతించే వేట సమయం సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తర్వాత అరగంటకు ముగుస్తుంది, జంతువులు కదిలేది ఎక్కువగా ఆ రెండు అరగంటల్లోనే. ముదురు అడవి నేపథ్యంగా ఉన్నప్పుడు నల్లని గురిగుర్తు నల్లని జంతువులో కలిసిపోతుంది, అంకె ఏమిటో కనిపించదు. ఎర్రగా వెలిగే తెర ఉంటే ఈ బాధ లేదు. కానీ దాని కాంతిని తగ్గించుకునే వీలు తప్పక ఉండాలి, లేకపోతే ఆ ఎరుపు కంటిలో నిండి వెనకనున్న జంతువు కనిపించదు. లూపోల్డ్ ఆర్‌ఎక్స్-1400ఐ వంటి తక్కువ ధర పరికరంలో కూడా ఎర్రని తెర వచ్చింది, కనుక 300 డాలర్ల లోపు వారు కూడా నల్లని తెరతో సరిపెట్టుకోనవసరం లేదు.

అదే వరుసలో ఇంకొకటి. మీట నొక్కినప్పుడు టిక్కుమని శబ్దం వస్తుందా, సంచీ మూత తెరిస్తే చర్రుమంటుందా అని కొనేటప్పుడే చూసుకోండి. నిశ్శబ్దంగా ఉన్న ఉదయం 25 గజాల్లో ఉన్న జింకకు ఆ రెండూ వినిపిస్తాయి.

విల్లుకే రేంజ్‌ఫైండర్ అమర్చిన సాధనాలు కూడా మార్కెట్లోకి వచ్చాయి, 2018లో వచ్చిన గార్మిన్ జీరో ఏ1 వాటిలో ఒకటి. చేతిలో పట్టుకునే దానికి లేని నిషేధం వీటికి చాలాచోట్ల ఉంది. కొలరాడోలో విల్లుకు బ్యాటరీతో పనిచేసే గురి పరికరం తగిలించకూడదు. ఏ రాష్ట్రానికి వెళ్తే ఆ రాష్ట్రపు ఈ ఏటి నియమాల పుస్తకం చదవండి.

డల్లాస్_పాలమూరు | టెక్సస్

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. గోల్ఫ్ పరికరం ఆలోచన మానుకున్నాను. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. మా బృందంలో ఒకరు విడిగా రేంజ్‌ఫైండర్ వద్దు, దూరం కూడా చూపించే బైనాక్యులర్ కొనమంటున్నారు. అందుకు నా పరిమితిని దాటి చాలా దూరం వెళ్లాలి. మరొకరు ఫోన్‌తో అనుసంధానమై తూటా దిగుదలను కూడా లెక్కగట్టి చెప్పే పరికరం కొంటే 600 గజాల దాకా నిశ్చింతగా కొట్టవచ్చు అంటున్నారు. మీ అభిప్రాయం ఏమిటి?

కొండగాలి | కొలరాడో

బైనాక్యులర్ గురించి ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది. లైకా సంస్థ 1992లో జియోవిడ్ పేరుతో తొలిసారి దూరం చూపించే బైనాక్యులర్‌ను తెచ్చినప్పటి నుంచి కొండ వేటగాళ్లు దాన్ని కోరుకుంటున్నారు, ఎందుకో అక్కడికి వెళ్లాక మీకే అర్థమవుతుంది. మామూలుగా అయితే 10 రెట్ల బైనాక్యులర్‌తో ఎదుటి వాలులో ఆస్పెన్ చెట్ల అంచున ఎల్క్‌ను పట్టుకుంటారు. దాన్ని దించి, రేంజ్‌ఫైండర్ తీసి కంటికి పెట్టుకుంటే, 6 రెట్ల చిన్న గాజులోంచి ఆ వాలంతా ఒకేలా కనిపిస్తుంది. ఎల్క్ ఏ చెట్టు పక్కన ఉందో మళ్లీ వెతుక్కోవాలి. ఈలోగా అది రెండడుగులు వేసి చెట్ల మాటుకు పోతుంది. బైనాక్యులర్‌లోనే దూరం కనిపిస్తే ఆ వెతుకులాట ఉండదు. ఏటా కొండలకు వెళ్లేవారికి ఇది డబ్బు పెట్టదగిన సౌకర్యమని నా గట్టి నమ్మకం.

మీరు మాత్రం ఇప్పుడు దాని జోలికి పోవద్దు. ఈ డబ్బుతో మంచి రేంజ్‌ఫైండర్, మిగిలినదానితో మంచి బైనాక్యులర్ కొనుక్కోండి. బైనాక్యులర్ దించే ముందు ఎల్క్ పక్కనున్న ఒక స్పష్టమైన గుర్తును, విరిగిన చెట్టో తెల్లబండో, మనసులో పెట్టుకుంటే రెండో గాజులో దాన్ని వెతకడం తేలిక. రేంజ్‌ఫైండర్‌ను రొమ్ము మీది బైనాక్యులర్ సంచీ పక్క జేబులో, తాడు కట్టి ఉంచుకోండి. వీపు సంచీలో ఉన్నది సమయానికి చేతికి రాదు.

600 గజాల మాటతో మాత్రం నేను ఏకీభవించను.

కాంతిరేఖ | కాలిఫోర్నియా

నేనూ ఏకీభవించను, కారణం చెబుతాను. ఫోన్‌తో కలిసే పరికరం చేసే లెక్క సరైనదే. తూటా వేగం, ఆకారపు గుణకం, గాలి పీడనం, ఉష్ణోగ్రత ఇస్తే అది దిగుదలను కచ్చితంగా చెబుతుంది. 10,000 అడుగుల ఎత్తున గాలి పలచన కనుక దిగుదల కొంత తగ్గుతుంది; 400 గజాల లోపు ఆ తేడా ఒకటి రెండు అంగుళాలే, కాగితం మీద రాసి రైఫిల్ బట్‌కు అంటించుకున్న పట్టిక చాలు. దూరం పెరిగేకొద్దీ యంత్రం చెప్పే లెక్క విలువ పెరుగుతుంది, అది నిజం.

కానీ ఏ రేంజ్‌ఫైండరూ మీకూ ఎల్క్‌కూ మధ్య వీచే గాలిని కొలవలేదు. గంటకు 10 మైళ్ల అడ్డగాలి మీ తూటాను సముద్రమట్టం దగ్గర 400 గజాలకు సుమారు 10 అంగుళాలు పక్కకు నెడుతుంది, 600 గజాలకు అంతకు రెట్టింపు కంటే ఎక్కువ. కొండల్లో మీరు నిలబడ్డచోట గాలి ఒక వైపు, మధ్య లోయలో మరో వైపు వీస్తుంది. తూటా 600 గజాలు పోవడానికి ముప్పాతిక సెకనుకు పైగా పడుతుంది. ఆ వ్యవధిలో జంతువు ఒక అడుగు వేస్తే ఊపిరితిత్తులకు తగలవలసినది పొట్టకు తగులుతుంది. పరికరం 612 అని కచ్చితంగా చూపినంత మాత్రాన 612 గజాల తూటా మీ చేతికి వచ్చినట్టు కాదు. ఆ కచ్చితత్వం మనిషిలో లేని ధీమాను పుట్టిస్తుంది, అదే నాకు భయం.

లానో_నది | టెక్సస్

పాలమూరు గారు, అక్టోబరు లోపు రేంజ్‌లో మోకాలి మీద కూర్చుని, వీపు సంచీని ఆనుగా పెట్టుకుని కాల్చి చూడండి. వరుసగా వేసిన తూటాలన్నీ 8 అంగుళాల పళ్లెంలో పడే అతి ఎక్కువ దూరం ఏదో అదే మీ హద్దు. అది 300 అయితే 300, 350 అయితే 350. ఆ హద్దుకు రెట్టింపు దూరంలో జింకను చదవగల పరికరం కొంటే, కాంతిరేఖ గారి లెక్క ప్రకారం జింక మీద 700, 800 గజాలు చాలు. మీరు చెప్పిన ధరలో అవి చాలానే ఉన్నాయి. మిగతా డబ్బు తూటాల మీద ఖర్చు పెట్టండి.

విల్లంబు | మిషిగన్

దీనికి తోడు, కొన్న వారంలోనే, తిరిగి ఇచ్చే గడువు ముగియక ముందే పరీక్షించే పద్ధతి చెబుతాను. మీ దగ్గరి హైస్కూల్ ఫుట్‌బాల్ మైదానానికి అనుమతి తీసుకుని వెళ్లండి. ఈ చివరి గోల్ కంభం నుంచి ఆ చివరి గోల్ కంభానికి 120 గజాలు; మైదానం కొలతలు ఖాయం కనుక పరికరం నిజం చెబుతోందో లేదో అక్కడే తెలుస్తుంది. కంభం సన్ననిది. గురిగుర్తును దాని ఎడమ నుంచి కుడికి, తర్వాత పై నుంచి కిందికి కొద్దికొద్దిగా జరుపుతూ ఎక్కడ అంకె పడుతోందో చూస్తే మీ కిరణం గురిగుర్తు నడిమధ్యలో ఉందో, ఒక పక్కకు ఒరిగి ఉందో బయటపడుతుంది. ఒరిగి ఉంటే ఎటు, ఎంత అన్నది గుర్తుపెట్టుకోండి, లేదా దుకాణంలో పరికరాన్ని మార్చుకోండి.

రెండో పరీక్ష సాయంత్రం చేయాలి. ముదురు గోధుమ రంగు పాత దుప్పటి ఒకటి తడిపి కంచె మీద ఆరవేసి, 300 గజాలకు పైగా దూరం వెళ్లి, సూర్యాస్తమయం అయ్యాక ఇరవై నిమిషాలకు కొలవండి. అంకె వస్తోందా, వచ్చిన అంకె తెర మీద చదవగలుగుతున్నారా అన్నవి రెండూ చూడాలి. దుకాణంలో ట్యూబ్‌లైట్ల కింద అన్ని పరికరాలూ బాగానే కనిపిస్తాయి.

డల్లాస్_పాలమూరు | టెక్సస్

చర్చ అంతా రెండుసార్లు చదివాను. ఎర్రని తెర, కాంతిని తగ్గించుకునే వీలు, వాలు సవరణ, మొదటి చివరి వస్తువుల విధాలు, జింక మీద 800 గజాలకు తక్కువ కాని పరిధి, ఇవన్నీ ఉన్న పరికరాన్నే తీసుకుంటాను. ధర దగ్గర తగ్గాల్సి వస్తే పరిధిలో తగ్గుతాను కానీ తెర విషయంలో తగ్గను. ఈ వారాంతంలో దుకాణానికి వెళ్లి చేతిలో పట్టుకుని చూస్తాను.

చివరిగా ఒక్కటి. అక్టోబరు చివర్లో అక్కడ మంచు పడుతుందని చెబుతున్నారు. చలికి బ్యాటరీ పనిచేస్తుందా?

కొండగాలి | కొలరాడో

ఎక్కువ పరికరాల్లో వాడేది 3 వోల్టుల సీఆర్2 లిథియం బ్యాటరీ. గడ్డకట్టే చలిలో దాని శక్తి తాత్కాలికంగా తగ్గుతుంది, వెచ్చబడితే తిరిగి వస్తుంది. రాత్రి పరికరాన్ని గుడారంలో బయట వదలకుండా పడక సంచీలో మీతోపాటు ఉంచుకోండి, పగలు కోటు లోపలి జేబులో ఉంచుకోండి. కొత్త బ్యాటరీ ఒకటి విడిగా మీ దగ్గర ఉండాలి. కొండ కింది చిన్న ఊళ్లలో సీఆర్2 ఎప్పుడూ దొరుకుతుందన్న నమ్మకం లేదు. మూత తిప్పడానికి నాణెం అవసరమయ్యే నమూనా అయితే ఒక నాణెం కూడా జేబులో వేసుకోండి, చేతికి తొడుగు ఉన్నప్పుడు గోటితో అది తిరగదు.

మంచు పడుతున్నప్పుడు చివరి వస్తువు విధంలో పెట్టండి, లేకపోతే దగ్గరి మంచురేకుల నుంచి వచ్చిన జవాబును పరికరం చూపించవచ్చు. ఒక అంకెను నమ్మకుండా మూడుసార్లు నొక్కండి. మూడూ ఒకే దగ్గర ఉంటేనే తీసుకోండి. గాజు మీద నోటి ఆవిరి పడితే గుడ్డతో తుడవండి, వేలితో కాదు. ట్రైల్ మొదట్లో పార్కింగ్ స్థలం నుంచే కొలవడం మొదలుపెట్టి, నడిచేటప్పుడు ఎదురైన ప్రతి బండనూ చెట్టునూ ముందు కంటితో అంచనా వేసి తర్వాత పరికరంతో సరిచూసుకోండి. రెండో రోజుకు మీ కన్ను కొండలకు అలవాటు పడుతుంది. వచ్చే ముందు ఏ యూనిట్‌లో (వేట కోసం విభజించిన ప్రాంతంలో) వేటాడుతున్నారో రాయండి, అక్కడి వాలుల తీరు నాకు తెలిసి ఉంటే చెబుతాను.